గూఢచారి కామిక్ సీరీస్ చల్లబడితే: సంచిక సంచికా విప్పి బాగుచేసుకునే పద్ధతి

సూపర్‌హీరో గూఢచారి కామిక్ ఒకటి ఇరవై ముప్పై సంచికలు ఉరుకులు పరుగుల మీద నడిచి, ఒకచోట చల్లబడుతుంది. రచయిత మారలేదు, హీరో మారలేదు, బొమ్మలూ బాగానే ఉన్నాయి. అయినా కొత్త సంచిక వచ్చిన రోజే చదవాలన్న ఆత్రం పాఠకుడిలో ఉండదు. అప్పుడు టీమ్‌లో ఎవరో ఒకరు "కొత్త విలన్‌ని దింపుదాం" అంటారు, ఇంకొకరు "సూట్ మారుద్దాం" అంటారు. రెండూ చేసి చూస్తారు. ఇంకా చల్లబడుతుంది.

ఈ రకం కథకు సరుకు తక్కువై జోరు తగ్గడం అరుదు. విప్పాల్సిన రహస్యాలు విప్పకుండా కొత్తవి పెట్టుకుంటూ పోవడం, ఒకసారి జరిగిన నష్టాన్ని తర్వాత వెనక్కి తీసుకోవడం, ఈ రెండే ఎక్కువగా కారణాలు. పాత్రలతో ఏళ్ల తరబడి కాపురం చేసిన రచయితకు ఈ రెండూ కంటికి ఆనవు. అతనికి అన్నీ గుర్తుంటాయి కాబట్టి పాఠకుడికీ గుర్తున్నాయనే అనుకుంటాడు.

తిరుపతి, చిత్తూరు వైపు ముగ్గురు నలుగురు కలిసి నడుపుకునే తెలుగు కామిక్‌ను మనసులో పెట్టుకుని ఈ పద్ధతి రాశాం. ఉదాహరణకి ఒక కల్పిత సీరీస్ తీసుకుందాం. హీరోయిన్ మంగ. పైకి రేణిగుంట ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతుంది, లోపల గూఢచారి. రేడియో తరంగాలు ఆమె చెవికి మాటల్లా వినిపిస్తాయి. పని పురమాయించే పెద్దాయన చెంగల్రాయుడు, ఆమెకి ఆయన 'సార్'.

ముందు జబ్బు ఏంటో తేల్చుకోవాలి

చివరి 12 సంచికలు ముందేసుకోండి. పాత స్క్రిప్టులు వద్దు, అచ్చయిన సంచికలే కావాలి. స్క్రిప్టులో ఉండి బొమ్మలోకి రాని సంగతులు చాలా ఉంటాయి, రచయిత వాటిని చెప్పేశానని లెక్కేసుకుంటాడు. ఒక పొడవాటి నోట్‌బుక్‌లో ఐదు గడులు గీయండి: ఏ రహస్యం, ఏ సంచికలో ఏ పేజీలో తెరిచారు, ఎక్కడ తేల్చారు, తేలినందువల్ల ఎవరికి ఏం పోయింది, ఆ పోయింది ఇప్పటికీ పోయే ఉందా. ఈ పని రచయిత చేయకూడదు. సీరీస్ చదివి కొన్నాళ్లయిన మనిషి చేస్తే మేలు, వాళ్లకి తట్టనిది పాఠకుడికీ తట్టలేదని లెక్క.

మూడో గడి ఎన్నిచోట్ల ఖాళీగా ఉందో చూడండి. ఏడాది పొడవునా సాగే పెద్ద రహస్యం ఒకటి, నాలుగైదు సంచికల్లో తేలేవి రెండు, అదే సంచికలో పుట్టి అక్కడే పోయే చిన్నవి ఎన్నయినా. పాఠకుడు హాయిగా మోయగలిగింది అంతే. సంచిక దాటి తెరిచి ఉన్నవి ఐదు మించితే అతను లెక్క పెట్టడం మానేస్తాడు. రహస్యం పాఠకుడి దగ్గర చేసిన అప్పు లాంటిది, ఆలస్యమయ్యేకొద్దీ వడ్డీ పెరుగుతుంది. మూడో సంచికలో పెట్టిన చిక్కుని నాలుగో సంచికలో విప్పితే చిన్న జవాబు చాలు. ఇరవైలో విప్పితే ఎంత పెద్ద జవాబైనా 'ఓస్, ఇంతేనా' అనిపిస్తుంది.

చివరి గడి ఇంకా ముఖ్యం. అమెరికన్ రచయిత ఎడ్ బ్రూబేకర్ 2004 చివర్లో మొదలుపెట్టి 2012 దాకా రాసిన కెప్టెన్ అమెరికా దీనికి మంచి పాఠం. సూపర్‌హీరో కథని గూఢచారి కథగా మలిచిన సీరీస్‌లలో దాన్ని మించింది అరుదు. చనిపోయాడని దశాబ్దాలుగా అందరూ నమ్మిన హీరో జతగాడు బకీని వింటర్ సోల్జర్‌గా తిరిగి తెచ్చాడు, 2007లో 25వ సంచికలో అసలు హీరో స్టీవ్ రోజర్స్‌నే చంపాడు, 2008లో కెప్టెన్ అమెరికా డాలుని బకీ చేతిలో పెట్టాడు. అక్కడిదాకా ప్రతి మెట్టుకీ బరువుంది. ఆ తర్వాత స్టీవ్ తిరిగొచ్చాడు. 2011లో బకీ చనిపోయాడన్నారు, కొన్ని నెలలకే బతికే ఉన్నాడన్నారు. పెద్ద కంపెనీ ఉమ్మడి కథల ఒత్తిడి అందులో చాలా ఉంది, అంతా రచయిత మీదే వేయలేం. కానీ చదివేవాడికి మిగిలేది ఒకటే: ఇక ఎవరు పోయినా కంగారు పడక్కర్లేదు. మీ నోట్‌బుక్ చివరి గడిలో 'లేదు, తిరిగొచ్చింది' అన్న మాట మూడుసార్లకు మించి కనిపిస్తే మీదీ అదే జబ్బు.

ఇంకో మూడు పరీక్షలు అరగంటలో అయిపోతాయి. 12 సంచికల చివరి ప్యానెళ్లని (ఒక్కో బొమ్మ ఉన్న చట్రాల్ని) ఫోన్‌లో ఫొటో తీసి పక్కపక్కన పెట్టండి. "నువ్వా!" అనో, నీడలో నిలబడ్డ మనిషనో సగానికి పైగా ఉంటే పాఠకుడు ఆ పేజీని ముందే ఊహిస్తున్నాడన్నమాట. తర్వాత 5వ సంచికనీ 8వ సంచికనీ తారుమారు చేసి చదవండి, ఏ ఇబ్బందీ లేకపోతే మధ్యలో కథ కదల్లేదు. మూడోది, గదిలో నిలబడి ఒకరికొకరు వివరాలు చెప్పుకునే పేజీల లెక్క. 24 పేజీల సంచికలో అవి నాలుగు దాటాయంటే రచయిత కథ రాయడం ఆపి ఫైల్ చదివి వినిపిస్తున్నాడు.

రచయితని మార్చేద్దాం అన్న మాట సాధారణంగా ఇక్కడే వస్తుంది. తొందరపడకండి. మోడెస్టీ బ్లేజ్ అనే బ్రిటిష్ గూఢచారి స్ట్రిప్‌ని పీటర్ ఓడానెల్ 1963లో మొదలుపెట్టి 2001 దాకా ఒక్కడే రాశాడు, ఆర్టిస్టులు మారారు తప్ప రచయిత మారలేదు. 38 ఏళ్లు అది నిలవడానికి ఒక కారణం దాని కట్టుబడి: ప్రతి సాహసం దానికదే మొదలై దానికదే ముగుస్తుంది. అప్పు ఎప్పటికప్పుడు తీరిపోతుంది.

మూయడానికి రెండు సంచికలు కేటాయించండి

జబ్బు తేలాక మొదటి పని తలుపులు మూయడం. కొత్త ప్రశ్న ఒక్కటీ వేయకుండా రెండు సంచికలు. నోట్‌బుక్‌లోని తెరిచిన రహస్యాలను మూడు రకాలుగా విడగొట్టండి. నిజంగా పాఠకుడు ఎదురుచూసేవి రెండు మూడే ఉంటాయి, వాటికి సన్నివేశం ఇవ్వాలి. ఎవరికీ పట్టనివాటికి ఒక్క బెలూన్ (మాటల బుడగ) చాలు: "ఆ నెల్లూరు ఫైలా? అది ఎప్పుడో కాల్చేశాం." మిగతావి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయేమో చూడండి. రెండు అనామక విలన్లు ఒకే మనిషి అయితే ఒక దెబ్బకి రెండు తేలిపోతాయి. ఈ మూడో రకం తెలివితేటలు ఎక్కువైతే మాత్రం ప్రతివాడూ ప్రతివాడికీ చుట్టమైపోతాడు, ఒక్కసారికి మించి వాడొద్దు.

రహస్యం తేల్చేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పు, పెద్దాయన నోటితో చెప్పించేయడం. చూడండి.

ప్యానెల్ 1. ఆఫీసు గది. మంగ, చెంగల్రాయుడు నిలబడి ఉన్నారు.
చెంగల్రాయుడు: "మంగా, మూడేళ్ల కిందట చంద్రగిరి కోట దగ్గర నువ్వు వదిలేసిన ఏజెంట్ నిజానికి చనిపోలేదు. అతను మన విభాగంలోనే ఉన్న రహస్య దళానికి పనిచేస్తున్నాడు. ఆ దళం ఉన్నట్టు నాకూ నిన్నటిదాకా తెలియదు."

ఒక్క బెలూన్‌లో 24 మాటలు, మూడు రహస్యాలు. ఎవరూ ఏమీ చేయడంలేదు. 'నాకూ తెలియదు' అనేసరికి ఎవరి తప్పూ లేకుండా పోయింది. దీన్నే ఇలా విడగొట్టవచ్చు.

ప్యానెల్ 1. పాకాల స్టేషన్ ప్లాట్‌ఫాం, మధ్యాహ్నం. మంగ బెంచీ మీద. పక్కన ఒక ముసలాయన చెనిక్కాయలు ఒలుచుకుంటున్నాడు.
ప్యానెల్ 2. దగ్గర నుంచి, అతని మణికట్టు. 9వ సంచికలో చూసిన కాలిన మచ్చ.
ప్యానెల్ 3. మంగ అతని వైపు చూడకుండానే: "యాడికి పోతా ఉండావు సామీ?"
ప్యానెల్ 4. అతను తొక్కలు కింద రాలుస్తూ: "నువ్వు నన్ను వదిలేసినకాడికే."

బతికే ఉన్నాడని ఎవరూ ప్రకటించలేదు, అయినా తెలిసింది. తప్పు ఎవరిదో కూడా తెలిసింది. మిగతా రెండు రహస్యాలూ ఇక్కడ అక్కర్లేదు. మచ్చ గుర్తులేని పాఠకుడి కోసం 'చూడు: 9వ సంచిక' అని ప్యానెల్ కింద చిన్న గమనిక వేయండి. పాత పద్ధతే అయినా అది ఇప్పటికీ పనిచేస్తుంది.

శక్తికి కార్డు రాయండి

గూఢచారి కథ దొరికిపోతామన్న భయంతో నడుస్తుంది, సూపర్‌హీరో కథ దొరికినా ఏం కాదన్న ధీమాతో నడుస్తుంది. ఈ రెండూ ఒకే సీరీస్‌లో ఉండాలంటే శక్తికి గట్టి హద్దు కావాలి. ఏళ్లు గడిచేకొద్దీ రచయిత ఆ హద్దుని తెలియకుండానే జరుపుకుంటూ పోతాడు. మొదటి సంచికలో పది అడుగుల దూరం వినే మంగ ముప్పయ్యో సంచికలో ఢిల్లీ మాటలు వింటుంది, అక్కడితో గూఢచర్యం అయిపోయినట్టే.

హద్దు ఎలా ఉండాలో తెలుసుకోవాలంటే 1962లో బ్రిటన్‌లో మొదలైన స్టీల్ క్లా అనే కామిక్ హీరోని చూడండి. తమిళంలో ఇరుంబుక్కై మాయావి పేరుతో 1972లో ముత్తు కామిక్స్ మొదలైంది ఇతనితోనే, కాబట్టి నగరి, పుత్తూరు వైపు తమిళం చదివే పాతతరం పాఠకుల్లో చాలామందికి తెలిసినవాడే. అతనికి కరెంట్ షాక్ తగిలితే ఒళ్లంతా మాయమవుతుంది, ఉక్కు చెయ్యి మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. శక్తి పుట్టే చోటు, దాని ఖరీదు, పట్టించే ఆనవాలు, మూడూ ఒక్క వాక్యంలో ఉన్నాయి. గూఢచారికి ఇంతకన్నా సరిపడే శక్తి దొరకడం కష్టం. తర్వాత్తర్వాత అతనికి సూపర్‌హీరో దుస్తులు తొడిగారు, మళ్లీ తీసేశారు.

మీ కార్డులో ఐదు గీతలు చాలు: ఎలా మొదలవుతుంది, ఎంతసేపు, ఒంటికి ఏం ఖర్చు, ఎదుటివాడికి ఏం కనిపిస్తుంది, దేనికి లొంగుతుంది. మంగకి చివరి గీతని మన ఊరే ఇస్తుంది. తిరుపతి నుంచి చిత్తూరు పోయే వైపు గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది, అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. అది పంపే తరంగాలు పైకి, ఆకాశంలోకి పోతాయి. కామిక్ కాబట్టి కాస్త పక్కకి కారినట్టు రాసుకోవచ్చు. రాడార్ నడిచినంతసేపూ ఆ చుట్టుపక్కల మంగకి చెవుడు. ఎంత దూరం వరకో ఒకసారి రాసుకున్నాక ఇక మార్చకూడదు. ఈ సంచికలో రెండు కిలోమీటర్లూ వచ్చే సంచికలో ఐదూ అయితే కార్డు రాసి ఉపయోగం లేదు.

ఆపదని చిన్నది చేయండి, చోటుని ఇరుకు చేయండి

జోరు తగ్గగానే ప్రపంచం మునిగిపోతుందని రాయడం అలవాటు. ప్రపంచం మునిగిపోదని పాఠకుడికి తెలుసు, వచ్చే నెల సంచిక ఉందిగా. ఒక డ్రైవర్ ఉద్యోగం, ఒక చెల్లెలి పెళ్లి, ఒక ఏజెంటు అసలు పేరు, ఇవి నిజంగానే పోవచ్చు. మూసివేత సంచికల తర్వాత వచ్చే మొదటి కథని నాలుగు సంచికలకి కట్టండి, అందులో పోయేది ఒక మనిషికి సంబంధించిందే అయి ఉండాలి.

చోటు విషయంలో మన దగ్గర దొరికేంత సరుకు ఎక్కడా దొరకదు, వాడుకునేవాళ్లు తక్కువ. తిరుమలకి ఎక్కే ఘాట్ రోడ్డు వేరు, దిగే ఘాట్ రోడ్డు వేరు. వెంటాడే బండి వెనక్కి తిరగలేదు. ముందున్నవాడిని దాటిపోతే కొండ మీదికి పోయి, అటు దిగి రావాల్సిందే. కొండచరియలు విరిగిపడ్డప్పుడు వాడే లింక్ రోడ్డు ఒకటి మధ్యలో ఉంది, దాని గేటు తెరిపించగలిగిన మనిషి ఎవరన్నదే ఒక సంచికకి సరిపడా రహస్యం. అలిపిరి దగ్గర బండినీ సామాన్లనీ తనిఖీ చేస్తారు కాబట్టి తుపాకీ పైకి పోదు, డ్రోన్ ఎగరేయకూడదు. ఆయుధం లేని గూఢచారి, ఒకవైపే పోయే రోడ్డు: ఆరు పేజీలు వెంటాడించడానికి ఇంకేం కావాలి? ఒక్క జాగ్రత్త. హీరోని గుడి మీదుగా ఎగరనివ్వకండి, కొట్లాటని మాడవీధుల్లో పెట్టకండి. ఊరి పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు, అతన్ని తప్పుపట్టలేం.

ఎర్రచందనం దుంగల లారీ మాత్రం ఇక చాలు. శేషాచలం అంటే అదొక్కటే గుర్తొస్తే కథ అప్పుడే పాతబడింది. కుప్పం వైపు మూడు రాష్ట్రాలు కలిసే చోట మూడు పోలీసుల హద్దులు ఉన్నాయి. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు సీజన్‌లో రాత్రింబవళ్లు నడుస్తాయి, ఎవరు ఎవరో ఎవరూ అడగరు. శ్రీహరికోట రాకెట్ ప్రయోగాల రోజులు ముందే ప్రకటిస్తారు కాబట్టి కథకి గడువు దానంతటదే దొరుకుతుంది. పాత సీరీస్ అయితే ఇంకొకటి సరిచూసుకోండి: సూళ్లూరుపేట, శ్రీహరికోట ప్రాంతం 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. కథాకాలం 2021 అయితే కేసు నెల్లూరు పోలీసులది.

పేజీల లెక్క, అక్షరాల లెక్క

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు గుణిజాల్లోనే రావాలి. కవర్ కాక 24 పేజీలు తీసుకుంటే, మొదటి రెండు పేజీల్లో ఏదో ఒక పని జరిగిపోవాలి, 'ఇంతవరకు' అన్న పేరా కన్నా అది మేలు. 10వ పేజీకి హీరో ప్లాన్ తప్పాలి. 18కి ఏదో ఒకటి పోవాలి. చివరి రెండు పేజీల్లో ఆ పోయినదాని పర్యవసానం కనిపించాలి, కొత్త మనిషి ముఖం వద్దు. ఉలిక్కిపాటు ఎప్పుడూ సరి సంఖ్య పేజీలో, అంటే పేజీ తిప్పగానే ఎడమవైపు వచ్చేలా పెట్టండి. బేసి పేజీలో పెడితే ఎదురు పేజీ చదువుతుండగానే కన్ను దాని మీద పడిపోతుంది. ఫోన్‌లో చదివేవాళ్లకైతే ఆ ప్యానెల్ పైన ఒక తెర నిండా ఖాళీ వదలాలి. అచ్చు పేజీనే ముక్కలు కోసి ఫోన్‌కి పెడితే ఈ దెబ్బ ప్రతిసారీ వృథా అవుతుంది.

తెలుగులో మాటలు అతుక్కుని పొడవవుతాయి, అందుకే మాటలు కాక అక్షరాలు లెక్కపెట్టండి. బెలూన్‌కి నాలుగు లైన్లు, లైనుకి పది పన్నెండు అక్షరాలు మించితే బొమ్మ మీదికి పాకుతుంది. కింద ఒత్తులు, పైన గుడులు ఒకదానికొకటి తగలకుండా లైన్ల మధ్య ఖాళీ ఇంగ్లీషు కన్నా ఎక్కువ ఇవ్వాలి. స్క్రిప్టు యూనికోడ్‌లో రాసి, డీటీపీ షాపులో అను ఫాంటులోకి (యూనికోడ్ కాని పాత పద్ధతి ఫాంటు) మార్చుకుంటే పొల్లు దగ్గర తరచూ తేడా వస్తుంది. 'ఏజెంట్‌ను' అన్నది 'ఏజెంట్ను' అయి, టకి న ఒత్తు పడుతుంది. 'ప్లాట్‌ఫాం', 'ఎయిర్‌పోర్టు' కూడా అంతే. ప్రూఫులో ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలన్నిటినీ విడిగా ఒకసారి చూడండి.

యాస కూడా ఇక్కడే తేలుతుంది. మంగ ఇంట్లో 'వస్తా ఉండా' అని, ఆఫీసులో 'వస్తున్నాను సార్' అని అంటే ఆమె రెండు బతుకులు వేరే వివరణ లేకుండా తెలుస్తాయి. ఎక్కడైనా కంగారులో ఆఫీసులో ఇంటి మాట జారితే, అది గూఢచారి దొరికిపోయే క్షణం. ఏళ్లు గడిచేకొద్దీ రచయిత అందరి చేతా తన మాటే మాట్లాడిస్తాడు. పేర్లు చెరిపేసి బెలూన్లు మాత్రమే చదివి ఎవరు మాట్లాడుతున్నారో చెప్పగలరేమో చూడండి.

పాత రచయితతో ఎలా మాట్లాడాలి

"మీ కథలో పస తగ్గింది సార్" అని మొదలుపెడితే అక్కడితో ఆగిపోతుంది. నోట్‌బుక్ ఆయన ముందు పెట్టి ఖాళీ గడులు చూపించండి. "అన్నా, ఈ ఆరు ఎప్పుడు తేలుస్తాం?" అన్న ప్రశ్నకి మనసు నొచ్చుకోవాల్సిన పని లేదు, జవాబు మాత్రం చెప్పాలి. ఆయనకి జవాబు ముందే తెలిసినవి మొదటి మూసివేత సంచికలోకి పంపండి. ఆయనే తడుముకున్నవి ఒక్క బెలూన్‌తో సరిపెట్టాల్సినవి.

ఆ తర్వాత రెండు మార్పులు అడగవచ్చు. కథ అల్లికలో ఇంకో మనిషి కూర్చోవాలి, మాటలు మాత్రం ఆయనే రాయాలి. పాత్రల గొంతు మారదు, అలవాటు మలుపులు మాత్రం దొరికిపోతాయి. రెండోది, ప్రస్తుత కథకి ముగింపు సంచిక నంబర్ ఇప్పుడే రాసిపెట్టుకోవడం. నంబర్ ఉంటే రచయిత వెనక నుంచి లెక్కేసుకుని రాస్తాడు, లేకపోతే ముందుకి తోసుకుంటూ పోతాడు.

ఆయనే తప్పుకుంటానంటే పంపేముందు ఒక ఫైలు తీసుకోండి: శక్తి కార్డు, తెరిచి ఉన్న రహస్యాలు, వాటికి ఆయన అనుకున్న జవాబులు, పాత్రల వయసులూ ఊర్లూ, చచ్చిపోయినవాళ్ల జాబితా. కొత్త రచయిత ఆ జవాబులు పాటించక్కర్లేదు గానీ, చచ్చినవాళ్ల జాబితాని మాత్రం ముట్టుకోకూడదని ముందే మాట తీసుకోండి.